కరివేప - నామవిచారము

కరివేప యను సమాసమున ఉత్తరపదము విషయమున సందేహము లేదు. ఈనెకు ఇరువైపుల వరుసగా అమరిన చిన్న ఆకులను జూచి మన పూర్వులు దానిని వేపతో పోల్చిరి. ఈ పోలిక ఆకారమునకే పరిమితము. వేప వేరొక కుటుంబమునకు చెందిన వృక్షము. కరివేప నిమ్మ, నారింజ, మారేడు, వెలగల కుటుంబములోనిది. దాని ఆకును వెలుతురునకు ఎదురుగా పట్టినచో తైలగ్రంథులు సూక్ష్మమైన చుక్కలవలె కానవచ్చును. నిమ్మాకునందును ఇట్టివే కలవు.

చిక్కంతయు పూర్వపదమున నున్నది. 'కరి' యనగా కూరయా, నలుపా? కూరలో వేయు ఆకు గనుక ఆ పేరు వచ్చినదని పలువురు తలంతురు. తమిళమున ఈ వాదమునకు గట్టి ఆధారమే కలదు. అచ్చట ఈ పేరును శకటరేఫముతో వ్రాయుదురు. శకటరేఫముతోడి 'కఱి' ప్రాచీనకాలమున మిరియము; తరువాత మసాలా కూర. బొగ్గు, నలుపు అను అర్థములు గల 'కరి'కి సాధురేఫము. సంగమ సాహిత్యమునకు చెందిన పెరుంబాణాఱ్ఱుప్పడైలో దానిమ్మకాయ వంటకమున మిరియముతోపాటు 'కంజకము' అను ఆకును చేర్చుట వర్ణింపబడినది. ఆ కంజకము కరివేపయే యని వ్యాఖ్యాతల మతము. మిరియమునకును ఈ ఆకునకును వంటయింట పొత్తు అంత పాతది.

కన్నడమున పేరు 'కరిబేవు'. ఆ భాషలో 'కరి' యనగా నలుపు. సంస్కృతమున దీనికి గల పేళ్లలో 'కృష్ణనింబ' మొకటి. ఇక తెలుగున నలుపును తెల్పు 'కఱి' శబ్దమునకే శకటరేఫము గలదు. కావున తమిళమున నిర్ణాయకమైన అక్షరభేదము మనకు అక్కరకు రాదు. అర్థము కొరకు చెట్టునే చూడవలెను.

చెట్టును శాస్త్రజ్ఞులు చూచిన చరిత్రయు ఈ సందర్భమున గమనింపదగినది. లిన్నేయసు శిష్యుడగు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో వైద్యుడుగా తరంగంబాడి చేరెను. 1771లో లిన్నేయసు ప్రకటించిన గ్రంథమున కరివేప 'బెర్గెరా కోనిగీ' అను పేర కోనిగ్ స్మారకముగా వెలసెను. యోహాన్ ఆండ్రియాస్ మరే పేరిట ఏర్పడిన 'మురయా' ప్రజాతియు ఆ గ్రంథమునందే కలదు. సువాసనగల తెల్లని పూల నాగగొలుగు అందులోనిది. 1825లో స్ప్రెంగెల్ కరివేపను మురయాలో కలిపెను. ఆ పేరే చిరకాలము పాఠ్యగ్రంథములలో నిలిచినది. ఇటీవలి జన్యుపరిశీలనలు ఈ కలయికను సమర్థింపకపోవుటచే బెర్గెరా నామము పునరుద్ధరింపబడినది. కోనిగ్ 1785లో కాకినాడలోని జగన్నాథపురమున మరణించెను. సమీపముననే సామర్లకోటలో నుండిన రాక్స్‌బరో తన కోరమండల తీరపు మొక్కల గ్రంథమున తెలుగు పేళ్లనుగూడ నమోదు చేసెను. ఆ పేళ్లను చెప్పిన వారెవ్వరో మాత్రము లోకమునకు తెలియదు!

మురయా, బెర్గెరాలను వేరుచేయు లక్షణములలో పండు రంగు ఒకటి. నాగగొలుగు పండు ఎర్రన. కరివేప పండు మొదట ఎర్రబారినను మాగిన పిదప నల్లనగును. వేపపండు పసుపుపచ్చన. ఆకున వేపను పోలి, పండున నల్లనైనది కరివేప. తెలుగు, కన్నడముల పేళ్లకు ఇదియే సహజమైన అర్థమని నా అభిప్రాయము. వంటకు ఆకు కోసికొన్నవారు మాత్రమే గాక, కాయ పండువరకు చెట్టును గమనించినవారు ఈ పేరు పెట్టియుందురు. తమిళ శకటరేఫమునకు ఈ వాదము సమాధానము చెప్పజాలదు. అచ్చట పేరు వంటయింటనే పుట్టియుండవచ్చును, లేదా పాత 'నల్లవేప' మిరియపు వాసన సోకి అక్షరము మార్చుకొనియుండవచ్చును.