కదలని సైకిలు – కదలెడి దారి

ఇంటిలో కూర్చుండి దూరదేశపు సంగీతమును వినుట రేడియో గల గృహస్థులకు వింత కాదు. అట్లే ఇంటిలోనుండి దూరదేశపు కొండదారిని సైకిలుపై ఎక్కుట సాధ్యమా? నేడు సాధ్యమే. సైకిలును కదలకుండ ఒక యంత్రమునకు బిగింతురు. ఎదుట తెరపై దారి సాగుచుండును. ఆ దారి ఎత్తెక్కినపుడు యంత్రములోని విద్యుదయస్కాంతపు నిరోధము హెచ్చి పెడలు బరువెక్కును. ఇట్టి దారులను కల్పించు విద్య నిన్నమొన్నటిదివలె తోచును గాని, దాని వేళ్లు రెండు శతాబ్దులకు వెనుక నున్నవి.

1787లో రాబర్టు బార్కరు అను చిత్రకారుడు, చూపరి చుట్టును వలయముగా పరచెడి మహాచిత్రమునకు పేటెంటు పొందెను. 1793లో లండనులోని లీస్టరు స్క్వేరునందు దానికై ప్రత్యేక భవనము వెలసెను. జనులు రుసుము చెల్లించి, ఉన్నచోటనే నిలిచి, వేరొక చోటును చూచి వచ్చిరి. ఆ చిత్రము మాత్రము కదలలేదు. తరువాతి శతాబ్దిలో గుడ్డపై వ్రాసిన దృశ్యమును ఒక దూలము నుండి వేరొక దూలమునకు చుట్టుచు దానిని కదలించిరి.

ఈ విద్య 1900 నాటి పారిస్ ప్రదర్శనలో పరాకాష్ఠ నందెను. అందు సైబీరియా రైలు ప్రయాణమును చూపిరి. ప్రేక్షకులు రైలు పెట్టెలలో కూర్చుండిరి, పెట్టెలు కదలలేదు. కిటికీ వెలుపల దృశ్యము నాలుగు వరుసలుగా కదలెను. దగ్గరి ఇసుక, రాళ్లు నిమిషమునకు 300 మీటర్లు, పొదల వరుస 120 మీటర్లు, దాని వెనుకటిది 40 మీటర్లు, అన్నిటికంటె దూరపుది 5 మీటర్లు చొప్పున సాగెను. రైలులో పోవునపుడు గట్టుమీది తుమ్మచెట్టు వెనుకకు పరుగెత్తుటయు, దూరపు కొండ మనతో వచ్చుటయు అందరి అనుభవమే గదా! ఆ అనుభవమునే వారు కొలతలలో పెట్టిరి. నేటి తెరదారియందును దగ్గరిది వడిగా, దూరపుది మెల్లగా సాగవలెను.

ఆ దృశ్యమున శ్రమ లేదు. మరియొక వంక శ్రమయే గాని దృశ్యము లేదు. 1912లో మునిగిన టైటానిక్ ఓడలోని వ్యాయామశాలయందు కదలని సైకిళ్లుండెను. త్రొక్కినవారికి కనబడినది ఫలకముపై తిరుగు ముల్లు మాత్రమే. 1980లలో అమెరికాయందు వెలసిన కంప్యూట్రైనరు అను యంత్రము ఈ రెంటిని కలిపెను.

2014లో జ్విఫ్ట్ అను సంస్థ బయలుదేరి, మరుసటి యేట వటోపియా అను కల్పిత ద్వీపమును తెరపై నిలిపెను. 2018లో అచటనే ఆల్ప్ డ్యూజ్ అను ఫ్రెంచి కొండదారికి ప్రతిరూపమును నిర్మించెను. మూలదారి యొక్క 21 మలుపులను, వాలును అనుసరించిరి; చుట్టునున్న ప్రకృతిని మాత్రము తమ ఇచ్ఛ కొలది కల్పించిరి. వాలు కాళ్లకు, వనము కన్నులకు అన్నమాట. తెరపై సైకిలు తనంతట తానే మలుపు తిరుగును; పడుదునను భయము లేదు. గాలి లేదు, వాసన లేదు. ఆ కొరతను తీర్చుటకే కల్పకులు సముద్రగర్భమున గాజు సొరంగమును, అగ్నిపర్వతమును, అడవిని ఒకే ద్వీపమున చేర్చిరి.

ఇది వట్టి వినోదమేనా? 2020లో మహమ్మారి వలన గృహములు మూతపడినపుడు అనేకులకు మిగిలిన దారి ఇదియే. ఆ జూలైలో టూర్ ద ఫ్రాన్స్ పేర తెరపై పందెములు జరిగెను. పురుషులును స్త్రీలును ఒకే దారులలో, ఒకే దూరములు పందెమాడిరి. నేలపై ఆ పేర స్త్రీలకు అనేక దినముల పందెము 2022లో గాని తిరిగి రాలేదు. తెరపై దారి ముందుగా తెరచుకొనెను.

అయినను ఒక మాట మరువరాదు. ఊరిబాట అందరిది, తెరబాట దానిని కల్పించిన సంస్థది. వారు మూసిన నాడు ఆ కొండయు, ఆ అడవియు ఉండవు. పారిస్ ప్రదర్శనతోడనే ఆ సైబీరియా అడవులును ముగిసెను. నిలిచినది, కూర్చున్నచోటనుండి దారిని కోరెడి మానవుని మనస్సు. ఈమారు ఆ కోరికకు చెమట తోడైనది. ఆ చెమట మాత్రము కల్పితము కాదు.