గొంతు వాపు, కూనూరు కొండ, మన వంటింటి ఉప్పు



మేట్టుపాళయం పేరెత్తితే ఎవరైనా కొండ రైలు గురించో, ఉర్లగడ్డల మండీల గురించో చెబుతారు. ఆ రైలు 1899లో మొదట చేరిన ఊరు కూనూరు. అక్కడి ఒక ప్రయోగశాలకూ, మన తెలుగువాళ్ళకూ, గొంతు మీద లేచే వాపుకూ ఉన్న సంబంధం మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈసారి ఆ చరిత్ర రాస్తున్నాను.

పాత వైద్య గ్రంథాలు ఈ వాపును గళగండం అన్నాయి. ఇప్పుడు ఆసుపత్రిలో గాయిటర్ అంటారు. ఇది చాలావరకు కాన్సర్ కాదు, నొప్పి కూడా ఉండదు. అయినా ఆడపిల్ల మెడ మీద కనబడితే సంబంధాలు వెనక్కి పోయేవి. వంశంలోనే ఏదో ఉందని గుసగుసలాడేవాళ్ళు. పిల్ల మెడ కప్పుకుని తిరిగేది.

ఆ నింద ఎంత అన్యాయమో వాపు ఎలా వస్తుందో తెలిస్తే అర్థమవుతుంది. గొంతు ముందు భాగంలో థైరాయిడ్ గ్రంథి ఉంది. అది తయారుచేసే హార్మోన్‌కు అయోడిన్ కావాలి. తిండిలో అయోడిన్ చాలకపోతే రక్తంలో ఆ హార్మోన్ తగ్గుతుంది. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఆ లోటు గమనించి టీఎస్‌హెచ్ అనే మరో హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. ఇంకా పని చెయ్యమని థైరాయిడ్‌కు అది హుకుం. సరుకు లేకుండా పని పెంచమంటే గ్రంథి ఏం చేస్తుంది? ఉన్న కాస్త అయోడిన్‌నూ పట్టుకోవడానికి తానే పెరుగుతుంది. మనకు కనబడే వాపు అదే. వయసుకొచ్చేటప్పుడూ, కడుపుతో ఉన్నప్పుడూ శరీరానికి ఈ హార్మోన్ అవసరం పెరుగుతుంది కాబట్టి ఆడవాళ్ళలోనే ఇది ఎక్కువ.

ఇది తెలియడానికి వందేళ్ళు పట్టింది. 1811లో సముద్రపు నాచు బూడిదలో అయోడిన్ దొరికింది. 1820లో జెనీవా వైద్యుడు క్వాండే దాన్ని గాయిటర్‌కు మందుగా ఇచ్చాడు. థైరాయిడ్‌లోనే అయోడిన్ ఉందని 1895లో జర్మనీలో బౌమన్ కనిపెట్టాడు. 1914లో అమెరికాలో కెండల్ థైరాక్సిన్ హార్మోన్‌ను వేరుచేశాడు.

మన దేశంలో దీని మీద మొదట గట్టిగా పనిచేసినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు. హిమాలయాల అవతల గిల్గిత్‌లో ఒకే కాలువ నీళ్ళు తాగే పల్లెల్లో, కిందికి పోయేకొద్దీ గాయిటర్ పెరగడం చూశాడు. ఆ నీళ్ళ మడ్డిని తానూ తాగి, ఇతరులచేతా తాగించాడు. కొందరికి వాపు వచ్చింది. నీళ్ళలోని మురికే కారణమని తేల్చాడు. అసలు కారణం అయోడిన్ లోటని తర్వాతివాళ్ళు నిలబెట్టారు. వానలూ మంచూ కొండ నేలల్లోని అయోడిన్‌ను కడిగేస్తాయి. ఆ మెక్‌కారిసనే 1918లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో పోషకాహార పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

అదే కూనూరు ప్రయోగశాలలో కొన్నేళ్ళు పాథాలజిస్టుగా పనిచేసిన తెలుగాయన వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివారు. 1956లో అప్పటి పంజాబులోని కాంగ్రా లోయలో ఆయన బృందం దాదాపు లక్షమంది ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేసింది. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు. ఆరేళ్ళు తిరిగేసరికి అయోడిన్ ఉప్పు తిన్న పిల్లల్లో గాయిటర్ సగానికి సగం తగ్గింది. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. తర్వాత వాళ్ళకూ అదే ఉప్పు ఇచ్చారు. రక్తంలో ఉన్నది వంశదోషం కాదు, ఉప్పులో లేనిది అయోడిన్ అని రుజువైంది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

ఇది ముగిసిపోయిన కథ కాదు. అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదన్న నిబంధన 1998లో వచ్చింది, 2000లో ఎత్తేశారు, 2006లో మళ్ళీ తెచ్చారు. అయినా 2018–19 దేశవ్యాప్త సర్వేలో సరిపడా అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్ళు దేశంలో నూటికి 76 ఉంటే, తమిళనాడులో 62 మాత్రమే. రాష్ట్రాలన్నిటిలో అదే తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 64. ఉప్పు పండించే సముద్రతీర రాష్ట్రాలు రెండూ వెనకబడ్డాయి. ఉప్పళాల నుంచి విడిగా వచ్చే కల్లుప్పు చవకగా దొరకడం దీనికి ఒక కారణం.

కడుపులో బిడ్డకు అయోడిన్ చాలకపోతే మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. అందుకని ప్యాకెట్టు మీద అయోడిన్ ఉందని చూసి కొనండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. కల్లుప్పు కడిగి వాడే అలవాటుంటే మానండి, పైన ఉన్న అయోడిన్ నీళ్ళతో పోతుంది. ఉన్న వాపు అంతా ఉప్పుతోనే పోదు. మెడ మీద గడ్డ కనబడితే దాచిపెట్టకుండా డాక్టరుకు చూపించి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. మన ఇళ్ళలో పెళ్ళిచూపుల మాటల్లో ఈ పాత గుసగుస మళ్ళీ వినబడితే, కాంగ్రా లోయ సంగతి వాళ్ళకు చెప్పండి.