పాచిక ఎందుకు పారుతుంది?

రాజకీయ వార్తల్లో తరచూ కనిపించే మాట ‘పాచిక పారింది’. పొత్తు కుదిరినా, ఎదుటి పార్టీలో చీలిక వచ్చినా ఎవరిదో ఒకరి పాచిక పారినట్టే. అనుకున్నది బెడిసికొడితే ‘ఆయన పాచికలు పారలేదు’ అంటాం. ఇది మెచ్చుకోలు కాదు. వెనకాల ఏదో పన్నాగం ఉందన్న అనుమానం ఈ మాటలోనే ఉంది. ఆటలో మాత్రం దీని అర్థం సూటిగా ఉండేది: వేసిన పాచిక దొర్లి, కోరుకున్న పందెం పడడం. ఆ సూటి మాటకు కపటం అంటించినవాడు శకుని.

చుక్కలున్న ఘనాకారపు పాచికలు మొహెంజొదారో తవ్వకాల్లోనే దొరికాయి. వేదకాలపు జూదం తీరు వేరు. ఋగ్వేదం పదో మండలంలోని 34వ సూక్తం ఓ జూదరి గోడు. ఆలి దూరమై, అత్త ఛీకొట్టినా పాచికల చప్పుడు వినగానే కాళ్లు అటే లాగుతాయని అతని ఏడుపు. అతను ఆడింది తానికాయలతో. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయల పక్కన చేరేది ఈ కాయే. గుప్పెడు కాయలు తీసి నాలుగేసి చొప్పున లెక్కపెట్టేవారని పండితుల నిర్ధారణ. ఏమీ మిగలకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపరం, ఒక్కటే మిగిలితే కలి. ‘కలికాలం’ అని నిట్టూర్చిన ప్రతిసారీ మనం ఓడిపోయిన పందెం పేరే తలుస్తున్నాం.

ఈ లెక్క గుర్తుంటే నలుని కథ కొత్తగా కనిపిస్తుంది. కలిపురుషుడు ఆవహించగా పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు, బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడికి సారథిగా ఉంటాడు. విదర్భకు రథం దూసుకుపోతుండగా దారిలో ఓ తానిచెట్టు కనిపిస్తుంది. దాని రెండు కొమ్మల్లో 2,095 కాయలున్నాయని ఋతుపర్ణుడు రథంలోంచే చెప్పేస్తాడు. నలుడికి నమ్మకం కుదరదు. ఎంత తొందరపెట్టినా వినకుండా రథం ఆపి, చెట్టు కొట్టి లెక్కపెడతాడు. సరిగ్గా సరిపోతాయి! ఆ విద్య పేరు అక్షహృదయం. నలుడు దానికి బదులుగా తన అశ్వహృదయం నేర్పుతాడు. అక్షహృదయం వంటబట్టిన క్షణంలోనే కలి విషం కక్కుకుంటూ అతని ఒంట్లోంచి బయటపడి తానిచెట్టులో దూరతాడు. కలి దాక్కోవడానికి ఆ చెట్టే ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

అంటే పాచిక గుడ్డి అదృష్టం మీద ఆడే ఆట మాత్రమే కాదు, కంటితో లెక్కగట్టే విద్య కూడా. శకుని ఆ విద్యను మోసానికి వాడాడు, ధర్మరాజు అది తెలియకుండానే కూర్చున్నాడు. తండ్రి ఎముకలతో శకుని పాచికలు చేయించుకున్నాడన్నది జనంలో పుట్టిన కథ, వ్యాసుడు చెప్పింది కాదు. అయినా తెలుగువాళ్ల మనసులో నిలిచింది అదే. రంగస్థలం మీదా, వెండితెర మీదా శకుని చేతిలో పాచికలు గలగలమన్నాక ఆ మాట తిరిగి మంచి అర్థంలోకి రాలేకపోయింది. నా దృష్టిలో ఇది అన్యాయం. ఎందుకంటే వ్యాసుడు కథను సభాపర్వంలో ఆపలేదు. అరణ్యవాసంలో బృహదశ్వుడు నలుని కథ చెప్పి, ధర్మరాజుకు అదే అక్షహృదయాన్ని నేర్పుతాడు. అజ్ఞాతవాసంలో ఆయన విరాటుడి కొలువులో చేరింది కంకుడిగా, రాజుతో పాచికలాడే మనిషిగా! పోగొట్టుకున్నచోటే నిలబడ్డాడు. ఉత్తరకుమారుడి విజయాన్ని బృహన్నలకు కట్టబెట్టినందుకు విరాటుడు కోపంతో ఆ పాచికలనే ముఖాన విసిరితే, ముక్కునుంచి కారే నెత్తురును ద్రౌపది బంగారు పాత్రలో పడుతుంది. సభలో పరువు తీసిన పాచికే ఇక్కడ గాయం చేస్తుంది. ఈసారి ధర్మరాజు తొణకడు.

రాజ్యాలకైతే జూదం ఆదాయ మార్గం. ద్యూతాధ్యక్షుడనే అధికారిని పెట్టి, గెలిచిన సొమ్ములో నూటికి 5 వంతులు వసూలు చేయమంది అర్థశాస్త్రం. అక్బర్ కాలానికి పాచికలు పొడుగాటి కడ్డీలయ్యాయి. చౌపర్‌లో మూడు పాచికలు, 16 కాయలు అని ఐనీ అక్బరీ వివరిస్తుంది. మన ఇళ్లలో అదే కుటుంబానికి చెందిన ఆట పగడసాల. డబ్బు ఊసు లేకుండా శివరాత్రి జాగారంలో ఆడుకునేవారు.

తిరుమల కొండ మీదైతే పాచికకు మచ్చే లేదు. ఉత్తరాది నుంచి వచ్చిన హాథీరాంజీ బావాజీతో శ్రీనివాసుడు రాత్రిళ్లు పాచికలాడేవాడని అక్కడి ఐతిహ్యం. ఓ రాత్రి స్వామి తన హారం అక్కడే మరిచి వెళ్లాడట. దొంగతనం మోపి బావాజీని గదిలో బంధించి, గది నిండా పోసిన చెరకును తెల్లారేలోగా తినమన్నారట. ఏనుగు రూపంలో వచ్చి ఆ చెరకంతా తినేసింది ఆటకు వచ్చే స్వామే. ఆ బావాజీ పేరిట వెలసిన మఠం మహంతులే 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ నిర్వహణ చూశారు.