రెక్కలకు చీర

విమానం అనగానే మనకి వెండిలా మెరిసే లోహపు పక్షి కళ్ళముందు మెదులుతుంది. రేకులు, మరలు, మోటార్లు. అదంతా మగవాళ్ళ వ్యవహారమని పేజీ తిప్పేస్తాం. కాని విమానం పుట్టింది కర్రపుల్లలతో, గుడ్డతో, కాగితంతో, జిగురుతో. అంటే మన ఇళ్ళల్లో కుట్టుమిషను పక్కనా, పిల్లల గాలిపటాల మూలనా దొరికే సరుకుతోనే అన్నమాట!

ఆ పాతకాలపు పద్ధతిలోనే, ఏనాటివో ప్లాన్లు ముందేసుకుని చిన్న చిన్న విమానాలు కట్టి, వాటికి పల్చటి కాగితమో పట్టుగుడ్డో తొడిగి, రేడియోతో ఎగరేసే సరదా ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇవాళ్టికీ ఉంది. ఉద్యోగాలు చేసి రిటైరైన తాతగార్లు కత్తెర, గుండుసూదులు, జిగురుసీసా సర్దుకుని రోజుల తరబడి కూర్చుంటారు. వాళ్ళ సరదా ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలంటే విమానం కథే చెప్పాలి. ఆ కథలో సగం గుడ్డ కథ.

ముందు పారిస్ నగరానికి వెళదాం. ఆల్ఫోన్స్ పెనో అని ఒక కుర్రవాడు. 1850లో పుట్టాడు. తండ్రి నౌకాదళంలో పెద్ద అధికారి. కొడుక్కీ అదే దారి కావలసింది గాని, తుంటి జబ్బు వల్ల ఆ యోగం లేకపోయింది. నేలమీద నడవడమే కష్టమైనవాడికి గాలిమీద మనసు పోయింది. 1871 ఆగస్టు 18న ట్యూలెరీ ఉద్యానవనంలో పదిమంది పెద్దల ఎదుట ఒక బొమ్మ విమానాన్ని వదిలాడు. అడుగున్నర రెక్క, తోకదగ్గర తిరిగే పంకా, దాన్ని తిప్పడానికి మెలిపెట్టిన రబ్బరు. అంతే. అది పదకొండు సెకన్లపాటు ఎవరి సాయమూ లేకుండా, ఒరిగితే తనంతట తానే సర్దుకుంటూ, నిదానంగా ఎగిరింది. ఇవాళ మనం చూసే విమానాలకి తోక ఎందుకుందో అడిగితే ఆ బొమ్మనే చూపించాలి.

1876లో పెనో మనుషులెక్కే విమానానికి కూడా ప్లాను గీశాడు. డబ్బు పెట్టేవాళ్ళు దొరకలేదు. ఎగతాళి మాత్రం దొరికింది. చివరికి తన ప్లాన్లన్నీ శవపేటిక ఆకారంలో చేసిన చిన్నపెట్టెలో పెట్టి, సాయం చేస్తాడని ఆశపడ్డ ఒక ఇంజనీరుగారి ఇంట్లో ఇచ్చి వచ్చాడని చెబుతారు. 1880 అక్టోబరులో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ముప్ఫయ్యేళ్ళు. ఆ మనిషి పోయాడు గాని ఆ రబ్బరు మెలిక పోలేదు. పెనో చేసిన మరో బొమ్మ, నిట్టనిలువుగా పైకి లేచేది, అప్పటికే సముద్రం దాటి అమెరికా బజార్లలోకి చేరింది.

1878లో మిల్టన్ రైట్ అనే క్రైస్తవ మతాధికారి ఊరినుంచి వస్తూ ఆ బొమ్మే పిల్లలకి పట్టుకొచ్చాడు. వెదురు, బెండు, కాగితం, రబ్బరు. పెద్దవాడు విల్బర్‌కి పదకొండేళ్ళు, చిన్నవాడు ఆర్విల్‌కి ఏడు. అది విరిగిపోయేదాకా ఆడి, విరిగాక మళ్ళీ తామే చేసుకున్నారు. ఇక్కడ వాళ్ళ అమ్మ సంగతి చెప్పకపోతే పాపం. సూజన్ రైట్ బండ్లు తయారు చేసేవాడి కూతురు. ఆ ఇంట్లో పనిముట్లు పట్టే చెయ్యి ఆవిడదే. పిల్లలకి ఏది విరిగినా పరుగెత్తేది అమ్మ దగ్గరికే. 1889లో క్షయతో పోయింది. కొడుకులు ఎగరడం చూడలేదు.

ఆ అన్నదమ్ములు 1900లో కిట్టీహాక్ అనే సముద్రపు ఒడ్డు పల్లెకి వెళ్ళారు. మోటారు లేకుండా గాలిలో తేలే గ్లైడరు కట్టడానికి. రెక్కకి కావలసినంత పొడుగు దూలాలు దొరకలేదు. ఉన్న దూలాలు పొట్టివి. అప్పటికే కుట్టి తెచ్చిన గుడ్డ పొడుగైపోయింది. జాకెట్టు వదులైతే ఏం చేస్తాం? విల్బర్ కూడా అదే చేశాడు. ఆ ఊరి టేట్‌గారి భార్య కుట్టుమిషను అడిగి, దానిమీద తనే రెక్కల గుడ్డ తగ్గించి కుట్టుకున్నాడు. ఆ ఏటి ప్రయోగాలయ్యాక గ్లైడరుని ఇసకలో వదిలేసి వెళ్ళిపోయారు. టేట్‌గారి భార్య ఊరుకుంటుందా? మంచి నున్నటి సాటిన్‌లాంటి నూలుగుడ్డ! విప్పి, ఉతికి, ఇద్దరు ఆడపిల్లలకీ గౌన్లు కుట్టింది. మనమైనా అదే చేసేవాళ్ళం కదూ?

1903 డిసెంబరు 17న మోటారుతో ఎగిరిన విమానానికి కట్టిన గుడ్డ, డేటన్ ఊళ్ళో బట్టలకొట్టులో గజాల లెక్కన కొన్న మస్లిను. ఆ కాలపు ఆడవాళ్ళు లోపావడాలు కుట్టుకునే రకం. దాన్ని వాళ్ళు నిలువుగా పరవలేదు, ఏటవాలుగా, క్రాసు కటింగులో వేశారు. కుట్టుపని తెలిసినవాళ్ళకి ఇందులో కిటుకు వెంటనే అర్థమవుతుంది. నిలువు పోగులు, అడ్డపోగులు ఏటవాలుగా పడితే ఒక్కొక్క పోగూ ఒక్కొక్క కట్టుతాడవుతుంది. రెక్క చట్రం పక్కకి ఒరగబోతే గుడ్డే పట్టి ఆపుతుంది. అదనంగా ఒక్క తీగ కట్టనక్కరలేదు, ఒక్క తులం బరువు పెరగదు. ఆ మొదటి ఎగురుడు పన్నెండు సెకన్లు, 120 అడుగులు.

అక్కణ్ణించి పదేళ్ళు తిరిగేసరికి యుద్ధం వచ్చింది. 1914లో బ్రిటన్‌కి వందలు, ఆపైన వేలు విమానాలు కావలసి వచ్చాయి. మగవాళ్ళు యుద్ధానికి పోతే, రెక్కలకి ఐరిష్ నారబట్ట కుట్టే పని ఆడవాళ్ళ చేతికి వచ్చింది. రెక్కలో అడ్డంగా అమర్చిన పక్కటెముకల్లాంటి కర్రలుంటాయి. గుడ్డని ఒక్కొక్క కర్రకీ మైనం పట్టించిన దారంతో కుట్టి ముడివెయ్యాలి. ఒక ముడి ఊడితే పైన ఎగిరేవాడి ప్రాణం ఊడినట్టే.

కుట్టడంతో పని అయిపోదు. కుట్టిన గుడ్డ మీద డోపు అనే ద్రవం పూయాలి. నూలుచీరకి గంజి ఎలాగో రెక్కకి డోపు అలాగ. ఆరుతూ ఆరుతూ అది గుడ్డని లాగిపట్టి డప్పులా బిగిస్తుంది. గాలి, నీరు దూరనివ్వదు. గంజి వల్ల చేతులు జిడ్డవుతాయి, అంతే. డోపు అలాంటిది కాదు. ఆ రోజుల్లో దాన్ని పల్చన చెయ్యడానికి టెట్రాక్లోరోఈథేన్ అనే ద్రవం కలిపేవారు. చెమ్మ తగిలితే పూత పాడవుతుందని గదుల్ని వెచ్చగా మూసి ఉంచేవారు. ఆ ఆవిరి గాలికన్నా బరువు, పైకిపోదు. పనిచేసే ఆడపిల్లలకి ముందు మగతగా ఉండేది, అన్నం సయించేది కాదు, వాంతులు. తర్వాత కళ్ళు పచ్చబడేవి. కామెర్లు. లివరు పాడై కొందరు చనిపోయారు. లండను శివార్లలోని హెండన్‌లో 1914లోనే ఇది బయటపడినా, ఆ ద్రవాన్ని మాన్పించేసరికి 1916 దాకా పట్టింది. విమానం నడిపి చచ్చిపోయినవాడికి స్మారకస్తంభం ఉంది. రెక్కకి గంజిపెట్టి చచ్చిపోయిన పిల్ల పేరు ఎంతమందికి తెలుసు?

యుద్ధం అయ్యాక పెద్ద విమానాలు క్రమంగా రేకు తొడుక్కున్నాయి. గుడ్డ, డోపు, జిగురు మళ్ళీ బొమ్మల్లోకే తిరిగి వచ్చాయి. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా న్యూయార్కు నుంచి పారిస్‌కి ఎగిరి వెళ్ళాక అమెరికాలో పిల్లలకి విమానాల పిచ్చి పట్టుకుంది. 1930లలో, తిండికే కటకటగా ఉన్న రోజుల్లో, పది సెంట్లకి ఒక పెట్టె దొరికేది. అందులో ప్లాను, కొన్ని బాల్సా పుల్లలు, ఒక కాగితం, ఒక రబ్బరు. బాల్సా అంటే దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఈక్వడారులో పెరిగే చెట్టు. ఘనపుటడుగు నీళ్ళు 62 పౌన్లు తూగితే, బొమ్మలకి వాడే బాల్సా మామూలుగా 8, 9 పౌన్లే. పెళ్ళిలో బాసికాలకి వాడే జీలుగుబెండు చేత్తో పట్టుకున్నవాళ్ళకి ఆ తేలిక ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. కొండపల్లి బొమ్మలకి పొణికి కర్ర ఎంతో, వీళ్ళకి బాల్సా అంత.

ఎగిరిన బొమ్మ తిరిగి మన దగ్గరికే రావాలంటే? దానికి రేడియో కావలసి వచ్చింది. కలమజూ అనే ఊళ్ళో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అని కవలపిల్లలు. ఒకడికి విమానాల పిచ్చి, ఇంకొకడికి రేడియో పిచ్చి. ఇద్దరూ కలిసి కట్టిన ఎనిమిదడుగుల రెక్కల విమానం 1937లో రేడియో మాట విని ఎగిరింది. అది తర్వాత వాషింగ్టనులోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. ఆనాటి రేడియోలు బరువు, అందుకే అంతేసి రెక్కలు. తర్వాత ట్రాన్సిస్టరు వచ్చి రేడియో అగ్గిపెట్టెలా చిక్కిపోయేసరికి చిన్న విమానాలకీ ఆ భాగ్యం పట్టింది. వాటిలో చాలావాటికి ఒక్క చుక్కానే కదిలేది. కిందనున్నవాడు మీట ఒకసారి నొక్కితే కుడికి, రెండుసార్లు నొక్కితే ఎడమకి. ఆ చుక్కానిని కదిపే బలం ఎక్కడిదనుకున్నారు? మెలిపెట్టిన రబ్బరుది! పెనోగారి రబ్బరే అక్కడా పనికొచ్చింది.

ఇంగ్లండులో విక్ స్మీడ్ అనే ఆయన 1950లో గీసిన ఒక చిన్న విమానం పేరు ‘టామ్‌బాయ్’. మన భాషలో మగరాయుడు! నాలుగడుగులకు లోపు రెక్క, బొటనవేలంత ఇంజను. ఇష్టమొచ్చినట్టు ఎగిరి ఎక్కడో వాలడానికే దాన్ని గీసినా, ఇవాళ దాని ప్లానుకే చిన్న రేడియో అమర్చి ఎగరేసేవాళ్ళు ఎందరో. 1960లలో అమెరికాలో ఇలాంటి పాత నమూనాల ప్రేమికులు ఒక సంఘంగా కూడారు. జాన్ పాండ్ అనే ఆయన పాత ప్లాన్లు వేలకొద్దీ పోగుచేసి, అడిగినవాళ్ళకి నకళ్ళు అందేలా చూశాడు. శవపేటికలో పెట్టిన పెనో ప్లాన్లకి పట్టని అదృష్టం వీటికి పట్టింది.

ఇంతకీ ఆ ప్లానుతో ఏం చేస్తారంటారా? బల్లమీద పరిచి, పైన మైనపు కాగితం వేసి, గీతలమీద ముగ్గు పెట్టినట్టు పుల్లలు పేర్చి గుండుసూదులతో నిలబెడతారు. అంగుళంలో 16వ వంతు మందం రేకులాంటి బాల్సాలోంచి పక్కటెముకలు కోసి అతికిస్తారు. ఎండాక ఎత్తితే చేపముల్లులా ఒక అస్థిపంజరం వస్తుంది. వేలితో మెలిపెడితే మెలికపడుతుంది. ఇక తొడుగు. పల్చటి టిష్యూ కాగితానికీ నిలువు అడ్డం ఉంటాయి, నిలువు రెక్క పొడుగున రావాలి. ముడతలు లేకుండా అంచులు అతికించి, పైన నీళ్ళు తుంపరగా చల్లి ఆరనిస్తారు. కాగితం బిగుసుకుంటుంది. ఆపైన పల్చగా రెండు మూడు పూతలు డోపు. అప్పుడు అదే రెక్కని మెలిపెట్టి చూడండి, కదలదు! ఆరేటప్పుడు మాత్రం బల్లకి అదిమి ఉంచాలి. లేకపోతే అప్పడం వంకరపోయినట్టు రెక్క వంకరపోతుంది. ఒక్క చుక్కానితో బతికే విమానం ఆ వంకరని దిద్దుకోలేక పక్కకి ఒరిగి నేలని పొడుస్తుంది. ఈనాటి డోపులో ఆ పాత విషం లేదు గాని, ఘాటు ఉంది. కిటికీలు తీసి పూయడం ఇప్పటికీ నియమమే.

1960లలో ఇస్త్రీపెట్టెతో అతికించే ప్లాస్టిక్ పొర వచ్చింది. రంగులు బాగుంటాయి, వాసన లేదు, గంటలో పని అవుతుంది. సంతోషమే. కాని పాత ప్లానుకి ఆ పొర తొడిగితే ఒక్కోసారి రెక్క మెత్తగా ఊగుతుంది. పుల్లల్లో తప్పు లేదు, కొలతల్లో తప్పు లేదు. ఆ ప్లాను గీసినవాడు సగం బలం కాగితానిదీ డోపుదీ అని లెక్కపెట్టుకుని పుల్లల్ని సన్నం చేశాడు. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. కాగితం తొడిగి డోపు పూయమని ఒక ముక్క ఉంటుంది, అంతే. మన వంటపుస్తకాల్లో ‘ఉప్పు తగినంత’ అన్నట్టు. తగినంత అంటే ఎంతో అందరికీ తెలుసనుకున్న రోజులవి.

తెలిసిన చేతులు ఒక్కొక్కటే పోతుంటే కాగితంమీద గీతలు మిగులుతాయి, ‘తగినంత’ మాత్రం మిగలదు. దాన్ని చెయ్యి చెయ్యి పట్టి నేర్పాలి. మన దేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన పిల్లలకి ఏరోమోడలింగు నేర్పుతారు. అందులో ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా ఇంటికొచ్చి, రెక్కకి కాగితం ముడతలు పడుతోందమ్మా అంటే, అది నాకు తెలియని విద్య అనెయ్యకండి. చీర కుచ్చిళ్ళు సవరించే చెయ్యి, గంజి పాళ్ళు తెలిసిన చెయ్యి, క్రాసు కటింగు ఎరిగిన చెయ్యి మీది. వెళ్ళి ఆ కాగితం రెండో అంచు పట్టుకోండి. ముందు కిటికీ తెరిచి మరీ పట్టుకోండి.