పాముల ఆహార మార్పిడి

పాముల ఆహార మార్పిడి అనగా నిర్బంధంలో ఉన్న పామును అది అలవాటుగా తినే ఎర నుండి మరొక ఎరకు క్రమంగా మళ్ళించడం. జంతు ప్రదర్శనశాలలలోను, వన్యప్రాణి సంరక్షణ కేంద్రాలలోను, చట్టబద్ధంగా విదేశీ పాములను పెంచేవారి ఇళ్ళలోను ఈ అవసరం ఏర్పడుతుంది. కప్పలను మాత్రమే తినే పామును చేపలకు మార్చడం, చేపలు తినే పామును ఎలుకలకు మార్చడం, ప్రాణమున్న ఎలుకకు అలవాటుపడిన పాము చేత చచ్చిన ఎలుకను తినిపించడం ఇందుకు ఉదాహరణలు. పాము ఎరను ముఖ్యంగా వాసనతో గుర్తిస్తుంది. కాబట్టి ఈ మార్పిడి చాలావరకు వాసన మీదనే ఆధారపడి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరు ప్రాంతంలో విరివిగా కనిపించే నీరుకట్టె పాము, చేపలు, కప్పలపై ఆధారపడి బ్రతికే పాములకు చక్కని ఉదాహరణ.

ఎరను గుర్తించే విధానం

పాము మాటిమాటికీ నాలుక చాపడం కాటు వేయడానికి కాదు. చీలిన నాలుకకు గాలిలోని, నేలమీది వాసన కణాలు అంటుకుంటాయి. నాలుక లోపలికి వెళ్ళినపుడు ఆ కణాలు నోటి పైకప్పులో ఉన్న జాకబ్‌సన్ అవయవానికి చేరుతాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త లుడ్విగ్ జాకబ్‌సన్ పేరిట ఈ అవయవానికి ఆ పేరు వచ్చింది. ఎదుట ఉన్నది ఎర అవునో కాదో పాము ప్రధానంగా దీని సాయంతోనే తేల్చుకుంటుంది. కదలిక కూడా పామును ఆకర్షిస్తుంది. కొండచిలువ జాతులలో అనేకానికి పెదవుల వెంబడి వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి. అందువలన వాటికి ఎర వాసనతోపాటు దాని వెచ్చదనం కూడా ముఖ్యమే.

ఏ వాసనకు నోరు తెరవాలన్నది పాముకు చాలావరకు పుట్టుకతోనే వస్తుంది. 1960లలో అమెరికా శాస్త్రవేత్త గోర్డన్ బర్గార్ట్, అప్పుడే పుట్టి ఇంకా ఏమీ తినని గార్టర్ పాము పిల్లల ముందు రకరకాల ఎరల వాసన పట్టించిన దూదిని ఉంచి పరిశీలించాడు. ఆయా జాతులు సహజంగా తినే ఎరల వాసన తగిలినపుడు పిల్లలు వేగంగా నాలుక చాపి, దూదిపైనే దాడి చేశాయి. తొలినాళ్ళలో తిన్న తిండిని బట్టి ఈ ఇష్టాయిష్టాలు కొంతవరకు మారగలవని తరువాతి ప్రయోగాలలో తేలింది. స్టీవన్ ఆర్నాల్డ్ 1981లో ప్రకటించిన పరిశోధన మరొక విషయాన్ని చూపింది. కాలిఫోర్నియాలో ఒకే జాతికి చెందిన గార్టర్ పాములలో సముద్రతీరానివి పెంకులేని నత్తలను ఇష్టంగా తింటాయి. లోతట్టు ప్రాంతానివి వాటిని ముట్టవు. ప్రయోగశాలలో పుట్టిన పిల్లలలోనూ ఈ తేడా కనిపించింది.

ఈ పరిశోధనల సారాంశం రెండు మాటలలో చెప్పవచ్చు. పాము ఒక ఎరను నిరాకరించడం మొండితనం కాదు. ఆ వాసన దానికి తిండిగా తోచకపోవడమే. అయితే ఈ గుర్తింపు కొంతవరకు నేర్పు ద్వారా మారేది కనుకనే ఆహార మార్పిడి సాధ్యమవుతున్నది.

కొల్లేరు ప్రాంతపు పాములు, వాటి ఆహారం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు నీటిని చేరుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని బంగాళాఖాతంలోకి తీసుకుపోతుంది. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సార్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. సరస్సు, దాని చుట్టూ ఉన్న వరిచేలు, కాలువలు, చేపల చెరువులు రకరకాల పాములకు ఆవాసాలు.

* నీరుకట్టె: దీనినే నీటిపాము అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ఫౌలియా పిస్కేటర్. పిస్కేటర్ అంటే లాటిన్ భాషలో జాలరి. ఒంటిపై గళ్ళగళ్ళ మచ్చలు ఉంటాయి. విషం లేనిది కాని, పట్టుకుంటే గట్టిగా కరుస్తుంది. పిల్లలు తోకకప్పలను, చిన్న చేపలను తింటాయి. పెద్దవి చేపలను, కప్పలను, అరుదుగా ఎలుకలను తింటాయి.
* జెర్రిపోతు: విషం లేనిది. ఎలుకలు, కప్పలు, పక్షులు, తొండలు దీని ఆహారం. వరి రైతుకు మేలుచేసే పాము.
* నాగుపాము: ఎలుకలను, కప్పలను, ఒక్కోసారి ఇతర పాములను తింటుంది. విషసర్పం.
* రక్తపింజరి: పెద్దవి ప్రధానంగా ఎలుకలను తింటాయి. విషసర్పం.
* కట్లపాము: ఎక్కువగా ఇతర పాములను తింటుంది. విషసర్పం.

దీనిని బట్టి ఒకే గట్టున తిరిగే పాములలోనే ఆహారపు పరిధి ఎంతగా మారుతుందో గమనించవచ్చు. జెర్రిపోతు వంటి అనేక రకాల ఎరలు తినే పామును మరో ఎరకు మళ్ళించడం సులువు. కట్లపాము, రాచనాగు వంటి పాములను తినే పాములను మళ్ళించడం కష్టం. రాచనాగు శాస్త్రీయ నామంలోని ఒఫియోఫాగస్ అనే మాటకు అర్థమే పాములను తినేది అని. ఈ పాము కొల్లేరులో ఉండదు, తూర్పు కనుమల అడవులలో ఉంటుంది.

చట్టం

భారతదేశపు పాములను పట్టడం, చంపడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విషం లేని నీరుకట్టె, జెర్రిపోతు కూడా ఈ రక్షణ క్రిందికి వస్తాయి. కనుక కొల్లేరు గట్టున దొరికిన పామును సీసాలోనో బుట్టలోనో పెట్టి పెంచడం చట్టరీత్యా కుదరదు. గాయపడిన పామును అటవీ శాఖకు అప్పగించాలి. చికిత్స కోసం అటవీ శాఖ అనుమతితో ఉంచుకున్న కేంద్రాలు మాత్రమే దానికి తిండి పెట్టే బాధ్యత వహిస్తాయి.

విదేశీ పాముల విషయం వేరు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా ప్రాంతాలకు చెందిన బాల్ పైథాన్ వంటివి అంతర్జాతీయ వర్తక నియంత్రణ ఒప్పందమైన సైటిస్ అనుబంధాలలో ఉన్నాయి. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నాటి నియమాల ప్రకారం ఇటువంటి ప్రాణులను కలిగి ఉన్నవారు వాటిని ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. పెంపకందారులు తరచుగా ఎదుర్కొనే ఆహార సమస్య కూడా బాల్ పైథాన్‌దే.

పాము తిండి మానడానికి కారణాలు

ఎర మార్చే ముందు, పాము తినకపోవడానికి ఎరే కారణమా అన్నది తేల్చుకోవాలి. ఈ క్రింది కారణాలలో ఏది ఉన్నా ఎర మార్చి ప్రయోజనం ఉండదు.

* చల్లదనం: పాము శరీరం బయటి వేడిపై ఆధారపడుతుంది. తగిన వెచ్చదనం లేకపోతే తిన్నది అరగదు. అందుచేత పాము తినదు, తిన్నా కక్కుతుంది.
* కుబుసం: కుబుసం విడిచే ముందు కళ్ళు మసకబారుతాయి. ఆ రోజులలో చాలా పాములు ఎర ముట్టవు.
* జతకట్టే కాలం, గర్భం: ఈ సమయంలో పాములు వారాల తరబడి ఉపవాసం ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ కొన్ని నెలలపాటు తినకపోవడం కూడా ఉంది.
* భయం: దాగడానికి చోటు లేకపోవడం, పదే పదే చేతిలోకి తీసుకోవడం, కొత్త చోటికి మార్చడం.
* జబ్బు: కడుపులో పురుగులు, నోటి పుండ్లు, ఊపిరితిత్తుల వ్యాధులు.

పాము బరువును వారం వారం తూచి వ్రాసుకోవడం మంచిది. బరువు నిలకడగా ఉంటే తొందరపడనవసరం లేదు. బరువు త్వరగా తగ్గుతూ, వెన్నెముక పైకి తేలుతూ ఉంటే పశువైద్యునికి చూపించాలి.

మార్పిడి పద్ధతులు

వాసన పట్టించడం: ఇది అన్నిటికంటె ముఖ్యమైన పద్ధతి. కొత్త ఎరను ముందుగా కడిగి దాని సొంత వాసనను తగ్గిస్తారు. పిమ్మట పాత ఎరను దానిపై రుద్దుతారు. చేపలు తినే పాముకు ఎలుక పిల్లను అలవాటు చేయాలంటే దానికి చేప జిగురును పట్టిస్తారు. పాము వరుసగా కొన్నిసార్లు తిన్నాక, ఒక్కొక్క విడతకు వాసన కొద్దికొద్దిగా తగ్గిస్తూ చివరకు మానేస్తారు. గోదురుకప్పలను తినే ఉత్తర అమెరికా హాగ్‌నోస్ పాములకు ఈ విధంగానే ఎలుకలను అలవాటు చేస్తారు.

జతచేయడం: పాత ఎరను ముందుగా అందిస్తారు. పాము దానిని మ్రింగుతూ ఉండగా, దాని చివరకు ఆనించి కొత్త ఎర ముక్కను పెడతారు. మ్రింగడం మొదలైన పాము సాధారణంగా మధ్యలో ఆపదు. తరువాతి విడతలలో పాత ఎర భాగాన్ని తగ్గించి కొత్తదాని భాగాన్ని పెంచుతారు.

ప్రాణమున్న ఎర నుండి చచ్చిన ఎరకు: ముందుగా అప్పుడే చంపిన ఎరను, ఆపైన గడ్డకట్టించి కరిగించిన ఎరను ఇస్తారు. గడ్డకట్టిన ఎలుకను సంచిలో ఉంచి గోరువెచ్చని నీటిలో పూర్తిగా కరిగించి, వెచ్చబరచి, పొడవైన పటకారుతో పట్టుకొని నెమ్మదిగా కదిలిస్తారు. వేడిని పసిగట్టే పాములు చల్లని ఎరను గుర్తించక వదిలివేస్తాయి. ప్రాణమున్న ఎలుక ఆకలి లేని పామును కరచి తీవ్రంగా గాయపరచగలదు. ఈ మార్పిడిని కోరుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఎరకు కలిగే హింస తగ్గడం మరొక కారణం.

చోటు, వేళ: చాలా పాములు చీకటి పడ్డాక, ఇరుకైన చోట నిశ్చింతగా తింటాయి. ఎరను పెట్టి అక్కడ నుండి తప్పుకోవాలి. రాత్రంతా అలికిడి లేకుండా చూడాలి. ఎర లావు పాము ఒంటి లావును మించకూడదు. తిన్న తరువాత రెండు రోజులపాటు పామును తాకరాదు.

రెండు ప్రయత్నాల నడుమ కొన్ని రోజుల ఎడం ఉండాలి. పాము వద్దన్న ప్రతిసారి వెంటనే మరో ఎరను చూపితే దానికి భయమే మిగులుతుంది. నోరు తెరిచి బలవంతంగా తినిపించడం ఆఖరి ఉపాయం. దానివలన అన్నవాహికకు గాయం కావచ్చు. కనుక అనుభవం గల పశువైద్యుడే ఆ పని చేయాలి.

చేపల ఆహారంతో చిక్కు

నీరుకట్టె వంటి పాములను ఎలుకలకు మార్చడానికి పోషకాహార సంబంధమైన కారణం ఉన్నది. కార్ప్ కుటుంబపు అనేక చేపలలో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఇది బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. అడవిలో పాము రకరకాల చేపలను, కప్పలను తింటుంది కాబట్టి దానికి ఈ ఇబ్బంది తక్కువ. నిర్బంధంలో ఒకే రకపు పచ్చి చేపను నెలల తరబడి తినిపిస్తే విటమిన్ లోపం వస్తుంది. పాము తల వణకడం, వెల్లకిలా పడితే తిరిగి లేవలేకపోవడం, మూర్ఛ దీని లక్షణాలు. గడ్డకట్టించడం వలన ఈ ఎంజైము నశించదు. వేడి చేస్తే నశిస్తుంది. ఎలుక వంటి సంపూర్ణమైన ఎరకు మారిస్తే ఈ చిక్కు తప్పుతుంది. మార్చలేకపోతే చేపల రకాలు మారుస్తూ, వైద్యుని సలహాపై బి1 విటమిన్ ఇస్తారు. అడవి కప్పలతో మరొక చిక్కు: వాటి ద్వారా పాముకు కడుపు పురుగులు సంక్రమించవచ్చు.

అయితే కొద్ది రోజుల చికిత్స తరువాత తిరిగి నీటిలో విడిచే నీరుకట్టెకు ఈ మార్పిడి అవసరం లేదు. దానికి తెలిసిన చేపలను, కప్పలను పెట్టడమే మేలు. ఎక్కువకాలం నిర్బంధంలో ఉండక తప్పని పాముకే ఆహార మార్పిడి ఉద్దేశించినది.

పాలు: ఒక అపోహ

నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోయడం తెలుగునాట ఆచారం. అయితే పాలు పాముకు ఆహారం కావు. పాములన్నీ మాంసాహారులు. పాలను జీర్ణం చేసుకునే శక్తి వాటికి లేదు. ప్రదర్శనలలో పాము పాలు త్రాగినట్లు కనబడడానికి కారణం దానిని చాలా రోజులు నీరు లేకుండా ఉంచడమే. దాహంతో ఉన్న పాము ఏ ద్రవాన్నైనా త్రాగుతుంది. దాని వలన జబ్బుపడి చనిపోవచ్చు కూడా. తిండి మానిన పాముకు పాలు, గ్రుడ్డు సొన, అన్నం వంటివి పట్టించడం ప్రమాదకరం. దాని దగ్గర ఎల్లప్పుడు ఉండవలసినది పరిశుభ్రమైన మంచినీరు.

ఇవి కూడా చూడండి

* కొల్లేరు సరస్సు
* నీరుకట్టె
* జెర్రిపోతు
* నాగుల చవితి
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972