డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో దంత సంరక్షణ

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో దంత సంరక్షణ అనేది ప్రత్యేక అవసరాలు గల వ్యక్తుల దంతవైద్యంలో ఒక ముఖ్యమైన భాగం. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటం వలన కలిగే జన్యుస్థితిని డౌన్ సిండ్రోమ్ అంటారు. ఇది సుమారు 700 నుండి 1000 జననాలకు ఒకటి చొప్పున కనిపిస్తుంది. నోటికి సంబంధించిన రెండు ప్రధాన వ్యాధులలో పిప్పిపన్ను కంటే చిగుళ్ళ వ్యాధి వీరికి ఎక్కువ హాని చేస్తుంది. పళ్ళు పుచ్చలేదు కదా అని కుటుంబసభ్యులు నిశ్చింతగా ఉన్న సమయంలోనే, చూడటానికి చక్కగా ఉన్న పళ్ళు కదిలి, నడివయసు రాకముందే ఊడిపోవడం వీరిలో తరచుగా జరుగుతుంది. గుండె, మెడ, శ్వాసమార్గాలకు సంబంధించిన ఇతర లక్షణాల వలన వీరికి దంతచికిత్స చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

చరిత్ర

ఈ స్థితిని 1866లో ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ మొదటిసారిగా వివరంగా వర్ణించాడు. ఆ వర్ణనలోనే నాలుక మందంగా, గరుకుగా ఉండటాన్ని, పెదవులపై అడ్డంగా పగుళ్ళు ఉండటాన్ని ఆయన పేర్కొన్నాడు. అంటే నోటి లక్షణాలు మొదటి నుండి వైద్యుల దృష్టిలో ఉన్నవే. అదనపు క్రోమోజోము ఇందుకు కారణమని 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లెజూన్, మార్తె గోతియే, రేమాన్ తుర్పాన్ ప్రకటించారు.

అయినా చాలాకాలం వీరి పళ్ళను గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయుష్షు తక్కువగా ఉండటం అందుకు ఒక కారణం. అమెరికాలో 1983 నాటికి వీరి సగటు ఆయుర్దాయం 25 సంవత్సరాల ప్రాంతంలో ఉండేది. పుట్టుకతో వచ్చే గుండె లోపాలకు శస్త్రచికిత్సలు అందుబాటులోకి వచ్చిన తరువాత అది సుమారు 60 సంవత్సరాలకు పెరిగింది. ముప్పై ఏళ్ళకు పళ్ళు పోగొట్టుకున్న వ్యక్తి ఇప్పుడు మరో ముప్పై ఏళ్ళు పళ్ళు లేకుండా గడపవలసి వస్తుంది.

నోటి నిర్మాణం

వీరిలో పై దవడ, ముఖపు మధ్యభాగం తక్కువగా పెరుగుతాయి. అంగిలి ఇరుకుగా ఉంటుంది. కండరాల బిగువు తక్కువ కావడం వలన నోరు కొద్దిగా తెరచుకొని, నాలుక ముందుకు వస్తుంది. నాలుక పెద్దదని సాధారణంగా అనుకుంటారు గాని, చాలామందిలో నాలుక పరిమాణం మామూలుదే. అది ఇమిడే చోటు చిన్నది. ఎక్కువ మంది నోటితోనే గాలి పీల్చుకుంటారు కనుక చిగుళ్ళు, పెదవులు ఎండిపోతాయి. పెదవుల మూలలు చిట్లి పుండ్లు పడతాయి. నాలుకపై లోతైన చీలికలు ఏర్పడి, వాటిలో ఆహారపు తునకలు చేరి దుర్వాసన వస్తుంది.

పళ్ళు ఆలస్యంగా వస్తాయి. సాధారణంగా ఆరు నెలల ప్రాంతంలో రావలసిన మొదటి పాలపన్ను వీరిలో ఏడాది దాటిన తరువాత, ఒక్కొక్కసారి రెండేళ్ళకు రావచ్చు. పాలపళ్ళన్నీ రావడానికి నాలుగైదు సంవత్సరాలు పట్టవచ్చు. వచ్చే వరుస కూడా మారవచ్చు. పై పళ్ళు ముందుగా వస్తే మేనమామకు కీడు అనే నమ్మకం తెలుగునాట ఉన్నందున, ఇలా వరుస తప్పిన పళ్ళను చూసి కొన్ని కుటుంబాలలో అనవసరమైన ఆందోళన కలుగుతుంది. వరుస మారడం ఈ జన్యుస్థితిలో సాధారణమే.

కొన్ని శాశ్వత దంతాలు అసలు రాకపోవడం మరొక లక్షణం. జ్ఞానదంతాలు, రెండవ అగ్రచర్వణకాలు, పై వరుసలో ముందుపళ్ళ పక్కన ఉండే కుంతకాలు ఎక్కువగా లోపిస్తాయి. వచ్చిన పళ్ళు చిన్నవిగా, శంకువు ఆకారంలో ఉండవచ్చు. వీటన్నింటికంటే ముఖ్యమైనది పంటి వేరు పొట్టిగా ఉండటం. చిగుళ్ళ వ్యాధి వలన ఎముక కొంచెం తరిగినా, పొట్టివేరు గల పన్ను త్వరగా పట్టు కోల్పోతుంది.

చిగుళ్ళ వ్యాధి

పంటిపై చేరే మెత్తని పాచిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. పాచిని తొలగించకపోతే గట్టిపడి గార అవుతుంది. చిగురు ఎర్రబడి, వాచి, తోముకొనేటప్పుడు రక్తం కారుతుంది. ఇది మొదటి దశ. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది. రెండవ దశలో చిగురు పంటి నుండి విడిపోయి సంచిలాంటి సందు ఏర్పడుతుంది. పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు.

ఈ క్రమం అందరిలో ఒకటే గాని, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఇది త్వరగా మొదలై వేగంగా సాగుతుంది. కౌమారంలోనే ఎముక తరగడం ఎక్స్-రేలో కనబడవచ్చు. కింది వరుస ముందుపళ్ళు సాధారణంగా మొదట దెబ్బతింటాయి. సరిగా తోముకోకపోవడమే దీనికి పూర్తి కారణం కాదు. అంతే పాచి ఉన్న ఇతరులతో పోల్చినా వీరిలో వ్యాధి తీవ్రంగా ఉంటుందని పరిశోధనలలో తేలింది. సూక్ష్మజీవులను ఎదుర్కొనే న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు వ్యాధి ఉన్న చోటుకు చేరడంలో మందకొడిగా ఉండటం, టి-కణాల పనితీరులో లోపాలు, చిగుళ్ళకు హాని చేసే బాక్టీరియా చిన్నతనంలోనే నోటిలో స్థిరపడటం ఇందుకు కారణాలుగా గుర్తించారు. కనుక బిడ్డ చిగుళ్ళు పాడయ్యాయని తల్లిని నిందించడం న్యాయం కాదు. అయితే కారణం శరీరంలో ఉన్నా, మన చేతిలో ఉన్న ఉపాయం మాత్రం పాచిని తొలగించడమే.

వ్యాధి నొప్పి లేకుండా సాగడం పెద్ద చిక్కు. వీరికి నొప్పి తెలియదని ఒక అపోహ ఉంది. అది నిజం కాదు. నొప్పిని వ్యక్తం చేయడంలో ఆలస్యం, ఎక్కడ నొప్పిగా ఉందో చూపడంలో అస్పష్టత మాత్రమే ఉంటాయి. అన్నం వద్దనడం, ఒక వైపే నమలడం, చెంపపై కొట్టుకోవడం, కారణం లేని చిరాకు, నిద్రలేమి వంటివి కనబడితే ముందుగా నోరు చూడాలి. వీటిని మొండితనంగా భావించి నెలల తరబడి వదిలివేయడం జరుగుతూ ఉంటుంది.

ఇంటి వద్ద సంరక్షణ

మొదటి పన్ను కనబడిన రోజు నుండే శుభ్రపరచడం ప్రారంభించాలి. పన్ను రాకముందు కూడా తడిపిన శుభ్రమైన గుడ్డతో చిగుళ్ళను తుడిస్తే, నోటిలో వేరొకరి వేలు పెట్టించుకోవడం పిల్లలకు అలవాటవుతుంది. ఈ అలవాటు తరువాతి కాలంలో ఎంతో ఉపయోగపడుతుంది.

బ్రష్ పట్టుకోవడం నేర్చిన పిల్లలు తామే తోముకుంటామంటారు. అది ప్రోత్సహించవలసినదే. కాని చేతివేళ్ళ నేర్పు ఆలస్యంగా వస్తుంది కనుక, వారు తోముకున్న తరువాత పెద్దవారు మళ్ళీ ఒకసారి తోమాలి. చాలామందికి ఈ సహాయం పెద్దయిన తరువాత కూడా అవసరమవుతుంది. బిడ్డ వెనుక నిలబడి, తలను తమ ఛాతీకి ఆనించుకొని, ఎడమచేతితో పెదవిని తొలగించి కుడిచేతితో తోమడం సులభమైన పద్ధతి. బ్రష్ చిన్నదిగా, మెత్తగా ఉండాలి. కుచ్చులు పంటి మీదనే కాక పన్ను, చిగురు కలిసే గీతపై ఆడాలి. పిడి సన్నగా ఉండి జారిపోతుంటే గుడ్డ చుట్టి గాని, రబ్బరు బంతికి రంధ్రం చేసి తొడిగి గాని లావు చేయవచ్చు. బ్యాటరీ బ్రష్ శబ్దాన్ని, అదురును భరించగలిగినవారికి అది మంచిదే.

ఫ్లోరైడు పేస్టును మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేళ్ళ వారికి బఠానీ గింజంత వాడాలి. ఉమ్మివేయడం రానివారు వయసు ఎక్కువైనా పేస్టును మింగుతారు. కనుక నల్గొండ వంటి, నీటిలో ఫ్లోరైడు అధికంగా ఉన్న ప్రాంతాల వారు ఎంత పేస్టు వాడాలో దంతవైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం పాచిని తగ్గిస్తుంది గాని ఎక్కువ కాలం వాడితే పళ్ళపై గోధుమరంగు మరకలు పడతాయి. పుక్కిలించడం రానివారికి దానిని దూదిపుల్లతో చిగుళ్ళకు అద్దవచ్చు. దీనిని వైద్యుని సలహాపైనే వాడాలి. గారను మాత్రం ఇంటిలో ఎవరూ తీయలేరు. సాధారణంగా ఆరు నెలలకొకసారి చేయించే శుభ్రతను వీరికి మూడు నెలలకొకసారి చేయించడం మంచిది.

పిప్పిపళ్ళు, ఆహారం

పళ్ళు ఆలస్యంగా రావడం, వాటి మధ్య ఖాళీలు ఉండటం, పళ్ళు కొరికే అలవాటు వలన నమిలే పళ్ళపై గాడులు అరిగిపోవడం మొదలైన కారణాల చేత వీరిలో దంతక్షయం తక్కువని పలు అధ్యయనాలు చెప్పాయి. తక్కువ అంటే రాదని కాదు. బుగ్గలో ముద్దను చాలాసేపు దాచుకొనేవారికి, తీపి సిరప్ మందులు రోజూ వాడేవారికి, పాలసీసాతో నిద్రపోయేవారికి పళ్ళు పుచ్చే అవకాశం ఎక్కువే. మాట నేర్పే శిక్షణలో ప్రతి సరైన జవాబుకూ ఒక చాక్లెట్ ఇవ్వడం మన వద్ద బాగా కనబడే పద్ధతి. బొమ్మ, స్టిక్కరు, చప్పట్లు కూడా అదే పని చేస్తాయి.

రెండు భోజనాల మధ్య తినే, పళ్ళకు అంటుకొనే తీపి పదార్థాలే అన్నింటికంటే హానికరమన్న జ్ఞానం లభించిన తీరు ఇక్కడ చెప్పుకోవలసినది. స్వీడన్ దేశంలోని లుండ్ నగరంలో విపెహోమ్ అనే సంస్థలో నివసించే మేధోవైకల్యం గలవారికి 1940లలో ప్రత్యేకంగా చేసిన జిగట టాఫీలను ఇచ్చి, పళ్ళు పుచ్చడాన్ని నమోదు చేశారు. ఫలితాలు 1954లో వెలువడ్డాయి. ఆ వ్యక్తుల సమ్మతి ఎవరూ తీసుకోలేదు. ప్రపంచంలోని పిల్లలందరికీ నేడు చెప్పే ఆహార నియమం వారి పళ్ళ నష్టంతో తెలిసినదే.

చికిత్సకు ముందు తెలుసుకోవలసినవి

వీరిలో 40 నుండి 50 శాతం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. పన్ను తీసినప్పుడు, గార తీసినప్పుడు నోటిలోని బాక్టీరియా రక్తంలో చేరి గుండె లోపలి పొరకు సోకవచ్చు. కృత్రిమ కవాటం ఉన్నవారు, ఇంతకు ముందు ఇటువంటి సోకు వచ్చినవారు, సరిచేయని నీలి గుండెజబ్బు గలవారు, కృత్రిమ పదార్థంతో గుండె లోపాన్ని సరిచేసి ఆరు నెలలు కానివారు, అలా సరిచేసినా ఆ చోట లోపం మిగిలినవారు ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్లు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో నిర్ణయించి, 2021లో దానినే ధ్రువీకరించింది. అట్టివారికి చికిత్సకు అరగంట నుండి గంట ముందు ఒక్క మోతాదు అమోక్సిసిలిన్ ఇస్తారు. పెద్దలకు 2 గ్రాములు, పిల్లలకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాములు. పెన్సిలిన్ పడనివారికి ఇదివరకు ఇచ్చే క్లిండామైసిన్‌ను 2021 సూచనలలో తొలగించారు. గుండె లోపం ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ మందు అవసరం లేదు. ఎవరికి అవసరమో గుండె వైద్యుడు నిర్ణయించాలి. కాబట్టి గుండె పరీక్షల కాగితాలు, శస్త్రచికిత్స వివరాలు దంతవైద్యుని వద్దకు తప్పక తీసుకువెళ్ళాలి.

మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉండటం 10 నుండి 20 శాతం మందిలో ఎక్స్-రేలో కనబడుతుంది. లక్షణాలు కనబడేది వారిలో కొద్దిమందికే. అయినా కుర్చీలో తలను బలంగా వెనక్కి వంచరాదు, పక్కకు తిప్పరాదు. మెడ కింద చిన్న దిండు పెట్టడం మంచిది. నడకలో మార్పు, మెడనొప్పి, చేతుల బలహీనత ఉంటే దంతచికిత్సను ఆపి ముందు ఆ సంగతి చూడాలి.

రక్త కాన్సర్ వచ్చే అవకాశం వీరిలో సాధారణం కంటే ఎక్కువ. పాచి పెద్దగా లేకున్నా చిగుళ్ళ నుండి రక్తం కారడం, ముఖం పాలిపోవడం, ఒంటిపై కమిలిన మచ్చలు కనబడితే రక్తపరీక్ష చేయించాలి. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారిలో చిగుళ్ళు పెరిగి పళ్ళను కప్పివేస్తాయి. మందును కుటుంబసభ్యులు తమంతట తాము ఆపరాదు. మందు మార్చడం సాధ్యమేమో నరాల వైద్యుని అడగవచ్చు.

చికిత్స విధానం

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలలో అధికులు, తగిన సమయం ఇస్తే, మామూలు కుర్చీలోనే చికిత్స చేయించుకోగలరు. చేయబోయేది చెప్పడం, పరికరాన్ని చూపడం, ఆ తరువాతే చేయడం అనే మూడు మెట్ల పద్ధతిని 1959లో అడెల్‌స్టన్ అనే దంతవైద్యుడు ప్రతిపాదించాడు. నేటికీ అదే మొదటి సాధనం. మొదటిసారి కేవలం కుర్చీ ఎక్కి దిగడం, రెండవసారి అద్దంతో పళ్ళు లెక్కపెట్టించుకోవడం వరకే ఆపినా నష్టం లేదు. ఉదయం పూట, వేచి ఉండే అవసరం లేని సమయం ఎంచుకోవాలి. చేతులు కాళ్ళు బలవంతంగా పట్టుకొని చేసిన ఒక్క చికిత్స తరువాతి పది సంవత్సరాల చికిత్సలను అసాధ్యం చేయవచ్చు.

ఎక్కువ పని ఉన్నప్పుడు మత్తు అవసరం కావచ్చు. ఇరుకైన శ్వాసమార్గం, పెద్ద టాన్సిల్స్, నిద్రలో ఊపిరి ఆగే సమస్య వీరిలో సాధారణం కావడం వలన, మత్తు ఇచ్చేటప్పుడు గుండె వేగం బాగా తగ్గే అవకాశం ఉండటం వలన, ఇది చిన్న క్లినిక్‌లో చేయదగినది కాదు. మత్తువైద్యుడు, అత్యవసర సదుపాయాలు గల ఆసుపత్రిలోనే చేయించాలి.

పళ్ళు పోయిన తరువాత కట్టుడు పళ్ళు అమర్చడం కష్టం. పై దవడ చిన్నది, నాలుక ముందుకు తోస్తుంది, కొందరు వాటిని నోటిలో ఉంచుకోరు. ఇంప్లాంట్లు కొందరికి సరిపోతాయి గాని ఇతరులతో పోలిస్తే వైఫల్యం ఎక్కువ.

భారతదేశంలో

వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం వైకల్యం గలవారికి ప్రభుత్వ ఆసుపత్రులలో అవరోధాలు లేని ప్రవేశం, చికిత్సలో ప్రాధాన్యం కల్పించాలి. డౌన్ సిండ్రోమ్ సాధారణంగా మేధోవైకల్యం క్రిందికి వస్తుంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్యబీమా పథకం లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. నివారక దంతవైద్యం కూడా అందులో ఉంది. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మేధోవైకల్య సంస్థ, తోముకోవడం వంటి దైనందిన నైపుణ్యాలను నేర్పడంలో తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తుంది.

బ్రిటన్‌లో ప్రత్యేక అవసరాలు గల పెద్దల దంతవైద్యాన్ని 2008లో ప్రత్యేక శాఖగా గుర్తించారు. భారతదేశపు ఎం.డి.ఎస్. కోర్సులలో అటువంటి శాఖ లేదు. పిల్లల దంతవైద్య శాఖవారే ఎక్కువగా ఈ రోగులను చూస్తారు. యుక్తవయసు దాటిన తరువాత ఎవరి వద్దకు వెళ్ళాలో కుటుంబాలకు తెలియక, పరీక్షలు మానివేస్తారు. చిగుళ్ళ వ్యాధి వేగం పుంజుకొనేది సరిగ్గా ఆ వయసులోనే. దంతవైద్య కళాశాల ఉన్న ఊళ్ళలో చిగుళ్ళ వ్యాధుల విభాగానికి, పిల్లల విభాగం వైద్యుని ఉత్తరంతో, పద్దెనిమిదేళ్ళు నిండకముందే మారడం ప్రస్తుతం ఉన్న మార్గం.