ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన భీమ్

ఒక ఆగస్టులో ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్ పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టాను. అంశం కొమురం భీమ్. ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె రెండు పేజీలు నిండుగా రాసింది. దస్తూరి ముత్యాల్లా ఉంది. భీమ్ ఢిల్లీకి పోయి, బ్రిటిష్ గవర్నరు ఎత్తుకెళ్ళిన తన గూడెం పిల్లను విడిపించాడనీ, అల్లూరి సీతారామరాజు ఆయనకు ప్రాణస్నేహితుడనీ రాసింది. ఎర్ర పెన్ను తీశాను గానీ కొట్టేయడానికి చేయి రాలేదు. ఆ పిల్ల తప్పేముంది? తెర మీద చూసింది చూసినట్టు రాసింది.

ఆమె చూసింది ఆర్ఆర్ఆర్. కరోనా వల్ల వాయిదాల మీద వాయిదాలు పడి 2022 మార్చి 25న వచ్చిన సినిమా. చరిత్రలో ఎన్నడూ కలవని ఇద్దరు వీరులు కలిసి ఉంటే ఎట్లుండేదన్న ఊహ మీద అల్లిన కథ. ఆ మాట తీసినవాళ్ళే చెప్పారు. ఊహ చేసుకోవడం తప్పు కాదు. అయితే అసలు కథ తెలిసినవాడికే అది ఊహ అని తెలుస్తుంది. తెలియని పిల్లకు అదే చరిత్ర అవుతుంది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అసలు కథ పెట్టిన సినిమా కూడా ఒకటుంది. అది దీనికంటే ముప్పై ఏళ్ళ ముందే పూర్తయింది. దాని సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు మనిషి గురించి. కొమురం భీమ్ గోండు. 1901లో ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లిలో పుట్టాడు. ఆయన పోరాడింది బ్రిటిష్ వాళ్ళతో కాదు, నిజాం సర్కారుతో. ఇక్కడ మన పిల్లలు తికమకపడేది ఎందుకంటే, మన అనంతపురం ప్రాంతాన్ని నిజాం 1800లోనే కంపెనీ వాళ్ళకు అప్పజెప్పాడు. మనవి దత్తమండలాలు. మన తాతముత్తాతలు చూసిన ఫారెస్టు అధికారి మద్రాసు సర్కారు మనిషి. అటు ఆదిలాబాద్ అడవిలో గోండులు చూసిన అధికారి నిజాం మనిషి. జెండా వేరే గానీ పని ఒకటే. పోడు కొట్టొద్దు, పశువులను మేపొద్దు, మేపితే పన్ను కట్టు.

తండ్రి పోయాక భీమ్ కుటుంబం వేరే చోట పోడు కొట్టుకుంది. ఆ భూమి మీదికి వచ్చినవాడితో గొడవ జరిగి వాడు చచ్చాడు. భీమ్ ఊరు వదిలాడు. చాందా వైపు, ఆపైన అస్సాం తేయాకు తోటల దాకా వెళ్ళాడని అక్కడి వాళ్ళు చెప్పుకుంటారు. తిరిగొచ్చి జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేలను కూడగట్టాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాట ఆయన పేరుతోనే నిలిచింది. 1940లో పోలీసులు జోడేఘాట్ గుట్టల్లో ఆయనను, కొందరు అనుచరులను కాల్చి చంపారు.

ఆ తర్వాత జరిగింది టీచర్ ట్రైనింగ్ చేసిన నాకు మరీ ముఖ్యం. కాల్పులు జరిపిన నిజాం సర్కారుకే, ఈ మనుషులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుణ్ణి పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి గూడెంలో కాపురం పెట్టారు. 1943లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీ భాషలో వాచకాలు అచ్చు వేయించారు. ఊరి పిల్లలకు ఊరివాడే, ఇంటి భాషలోనే, అక్షరం చెప్పాడన్నమాట. మన తండా పిల్ల ఒకటో తరగతిలో తెలుగు అర్థంగాక బిక్కమొహం వేసుకుని కూర్చోవడం నేను ఇప్పటికీ చూస్తున్నాను. ఎనభై ఏళ్ళ కిందట ఆ అడవిలో చేసిన పని ఎంత పెద్దదో ఆ పిల్ల ముఖం చూస్తే తెలుస్తుంది. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. జోడేఘాట్‌లో నెత్తురు చిందకపోతే మార్లవాయిలో బడి వచ్చేదా? నాకైతే రాదనే అనిపిస్తుంది.

ఈ కథను అల్లం రాజయ్య, సాహు కలిసి నవలగా రాశారు. అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో సినిమా కూడా తయారైంది. భీమ్‌గా భూపాల్ రెడ్డి నటించారు. సంగీతం గౌతమ్ ఘోష్ చేశారు. కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారంగా 1980లో వచ్చిన మా భూమి సినిమాకు దర్శకుడు ఈయనే. అందులోనూ భూపాల్ రెడ్డి ఉన్నారు. అంటే తెలంగాణ పల్లె కథను రంగులు పూయకుండా తెరకెక్కించిన అనుభవం ఉన్నవాళ్ళే ఈ పనికీ పూనుకున్నారు. 1990లో సినిమా పూర్తయింది. జాతీయ సమైక్యతా చిత్రంగా ఒక నంది, తొలి చిత్ర దర్శకుడిగా శ్రీధర్‌కు ఇంకో నంది వచ్చాయి.

అది థియేటరుకు వచ్చింది 2010 జులై 2న.

మళ్ళీ చదవండి. 1990లో తీశారు, 2010లో విడుదలయింది. ఇరవై ఏళ్ళు. సినిమా తీయడం ఒక ఎత్తు, దాన్ని టాకీసు దాకా తేవడం ఇంకో ఎత్తు. ఇప్పట్లా ఫోనులో పెట్టి పంపే కాలం కాదు. ఎన్ని హాళ్ళలో ఆడించాలంటే అన్ని ప్రింట్లు తీయాలి, ఒక్కో ప్రింటు డబ్బాల కొద్దీ రీళ్ళు. వాటికి డబ్బు పెట్టే డిస్ట్రిబ్యూటరు దొరకాలి. పోస్టరు మీద పెద్ద హీరో బొమ్మ లేనప్పుడు ఎవరు పెడతారు? నంది బొమ్మ చూసి టికెట్ కొనేవాళ్ళు ఎందరు?

1990లో నేను ఆరో తరగతి, హాస్టల్ పిల్లనే. సెలవులకు తండాకు పోతే పెళ్ళికో పండక్కో గుంతకల్లు నుంచి టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చేవాళ్ళు. రాత్రంతా వరుసగా మూడు సినిమాలు. శనక్కాయలు వలుచుకుంటూ, సగం నిద్రలో చూసేవాళ్ళం. అల్లూరి సీతారామరాజును నేను అట్లానే చూశాను. ఆ సినిమాకూ పెద్ద ఆలస్యం కథే ఉంది. ఎన్టీ రామారావు ఆ పాత్ర వేయాలని ఏళ్ళ తరబడి అనుకున్నారు, కుదరలేదు. చివరికి కృష్ణ తన నూరో సినిమాగా చింతపల్లి అడవుల్లో షూటింగ్ చేశారు. మధ్యలో దర్శకుడు వి. రామచంద్రరావు కన్నుమూశారు. మిగతాది పూర్తి చేసి 1974 మే 1న విడుదల చేశారు. మంచి సినిమా, నాకిప్పటికీ ఇష్టమే. కానీ ఒక మాట. అందులో అడవి జనం నాయకుడి వెనక నిలబడతారు. గాం గంటందొర, మల్లుదొర లాంటి వాళ్ళు ఆ పోరాటానికి వెన్నెముక. మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో లోక్‌సభకు గెలిచాడు. ఈ సంగతి నాకు తెలిసింది ట్రైనింగ్ కాలేజీ లైబ్రరీలో, సినిమా చూసిన పదేళ్ళకు. చిన్నప్పుడు నా బుర్రలో నాటుకున్నది మాత్రం, మనవాళ్ళను నడిపించడానికి బయటి నుంచి ఒకరు రావాలన్న మాట. అడవిలో పుట్టినవాడే నడిపించిన కథ అదే ఏడు పూర్తయి ఉందని ఎవరు చెప్పారు? అది తెరకెక్కేనాటికి నేను ఉద్యోగంలో చేరి, ఇద్దరు పిల్లల తల్లిని.

నా సంగతి పక్కన పెట్టండి. జోడేఘాట్ కాల్పులప్పుడు ఇరవై ఏళ్ళున్న గోండు యువకుడు ఉన్నాడనుకోండి. సినిమా పూర్తయ్యేనాటికి డెబ్బై, విడుదలయ్యేనాటికి తొంభై. ఇది ఇట్లా కాదు, మేం నిలబడింది ఆ గుట్ట మీద కాదు అని చెప్పగలిగిన వాళ్ళు ఆ ఇరవై ఏళ్ళలోనే వెళ్ళిపోయారు. సినిమా ఆలస్యమైతే నష్టం నిర్మాతకు అనుకుంటాం. చరిత్ర సినిమా ఆలస్యమైతే సాక్షులను పోగొట్టుకుంటాం.

అయితే అక్కడి జనం సినిమా కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కూడుకుంటారు, ఆయనను తలుచుకుంటారు. 2016లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు, జోడేఘాట్‌లో మ్యూజియం కట్టారు. ఆర్ఆర్ఆర్ టీజర్ 2020 అక్టోబరులో వచ్చి, అందులో భీమ్ ముస్లిం టోపీతో కనిపించినప్పుడు ఆదిలాబాద్ నుంచి అభ్యంతరాలు లేచింది కూడా అందుకే. సినిమాలో అది మారువేషమని తర్వాత తెలిసింది. కోపం ఎక్కువైందని అన్నవాళ్ళూ ఉన్నారు. పేరు మనదైనప్పుడు అడిగే హక్కు మనకుంటుందని నేనంటాను.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. సుగాలి ఆడపిల్లనై ఉండి గోండు వీరుడి గురించి ఎందుకు రాస్తున్నావని ఎవరైనా అడగొచ్చు. 2017లో అక్కడ ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య గొడవలు జరిగాయి. రిజర్వేషన్ మీద వాళ్ళకు బాధలున్నాయి, మనవాళ్ళకు భయాలున్నాయి. వాటిని తేల్చే శక్తి నాకు లేదు. కానీ ఆ కారణంగా భీమ్ గురించి చదవడం మానేస్తే పోగొట్టుకునేది మనమే.

ఆ రాత్రి స్టడీ అవర్లో పిల్లలందరికీ ఈ కథంతా చెప్పాను. తెల్లారి ఆ ఎనిమిదో తరగతి పిల్ల పేపరు మళ్ళీ రాసి తెచ్చింది. ఒక్కచోట ఖాళీ వదిలింది. భీమ్ చనిపోయిన రోజు. "మేడం, లైబ్రరీలో రెండు పుస్తకాలు చూశా, తేదీ ఒకదాంట్లో ఒకటుంది, ఇంకోదాంట్లో ఇంకొకటుంది. ఏది రాయను?" అంది.

"అక్కడి వాళ్ళు ఏ రోజు చేస్తారో చెప్పాను కదా" అన్నాను.

కాసేపు ఆలోచించి, ఆశ్వయుజ పౌర్ణమి, 1940 అని రాసింది. పదికి పది వేశాను.